సమదశలో నూరేళ్లు: ఖడ్కీ నుంచి దామగుండం దాకా

అనంతగిరి గుట్టలు దక్కన్ పీఠభూమి మీద ఒక గట్టు. తూర్పు వాలున పుట్టిన మూసీ హైదరాబాద్ మీదుగా సాగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలు నీళ్లు కాగ్నాలో చేరి, తాండూరును ఒరుసుకుంటూ పోయి, భీమా ద్వారా చివరికి అదే కృష్ణను చేరతాయి. వికారాబాద్ ఆ గట్టు మీద, సముద్రమట్టానికి 600 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. తాండూరు గట్టు దిగాక, సుమారు 450 మీటర్ల ఎత్తున ఉంది. హైదరాబాద్‌కు ఒకటి దాదాపు 70 కిలోమీటర్లు, మరొకటి 110 కిలోమీటర్లు. ఈ రెండు ఊళ్ల మధ్య రైల్లో గంటలోపు ప్రయాణమే. నేల వంపును అనుసరించకుండా తిన్నగా పోయే వీహెచ్‌ఎఫ్ రేడియో తరంగానికి మాత్రం ఇక్కడ రెండు లోకాలున్నాయి. గట్టు మీద ఉన్నవాడికి రాజధాని వినిపిస్తుంది. గట్టు వెనక ఉన్నవాడు దాన్ని వెతికి పట్టుకోవాలి.

అలా వెతికి పట్టుకోవడానికి రేడియో చరిత్రలో రెండే ఉపాయాలున్నాయి. ఒకటి, ట్రాన్స్‌మిటర్ శక్తిని పెంచుకుంటూ పోవడం. రెండోది, ఉన్న శక్తిని అన్ని దిక్కులకూ చల్లకుండా కావలసిన దిక్కుకే పంపడం. ఈ రెండో దారిలో ఒక యాంటెన్నా చాలనప్పుడు, అలాంటిదే ఇంకొకటి దాని పైనో పక్కనో నిలిపి, రెండింటికీ ఒకే దశలో శక్తి అందిస్తారు. హామ్‌లు, అంటే ఔత్సాహిక రేడియో వాళ్లు, దీన్నే స్టాకింగ్ అంటారు. తాండూరు బండల గనిలో నలుగురు కూలీలు గడ్డపారలు వేసి ఒకే కేకకు ఒకే ఊపున ఎత్తితే ఎంత పెద్ద బండైనా లేస్తుంది. ఒక్కరు రెప్పపాటు ఆలస్యం చేసినా మిగతా ముగ్గురి బలమూ చెదిరిపోతుంది. స్టాకింగ్ సూత్రమంతా ఇంతే. శక్తి పెంచడానికి డబ్బు కావాలి. దశ కలపడానికి కొలత కావాలి. దశ కలిపే విద్య గడిచిన నూరేళ్లలో మన దేశంలో, మన తెలుగు నేల మీద ఎలా ఎదిగిందో, ఇవాళ వికారాబాద్ జిల్లాకు అది ఎందుకు కావాలో ఒకసారి వెనక్కి తిరిగి చూడడం అవసరం.

ఖడ్కీ నేర్పిన పాఠం

1874లో నిజాం రైలు వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా పరచుకుంది. తాండూరు, వికారాబాద్ ఆ దారిలోనివే. ఆ కాలంలో పట్టాలు వెళ్లిన చోటికల్లా టెలిగ్రాఫ్ తీగా వెళ్లింది. వాడి దగ్గర ఈ లైను బొంబాయి – మద్రాసు ప్రధాన మార్గంలో కలుస్తుంది. ఆ మార్గం మీదే పడమరగా పోతే గుల్బర్గా, షోలాపూర్, దౌండ్, ఆపైన పుణె శివారులో ఖడ్కీ వస్తాయి. దిశ తెలిసిన యాంటెన్నాల భారతీయ చరిత్ర మొదలైంది ఈ దారి చివరనే.

మార్కొనీ సంస్థ బ్రిటిష్ సామ్రాజ్యాన్ని కలిపే బీమ్ సర్వీసులో భారత శాఖ 1927 సెప్టెంబరులో తెరుచుకుంది. ఖడ్కీలో ట్రాన్స్‌మిటింగ్ కేంద్రం, దౌండ్‌లో రిసీవింగ్ కేంద్రం. అంతకు ముందు ఖండాంతర రేడియో అంటే కిలోమీటర్ల కొద్దీ పొడవుండే దీర్ఘతరంగాలు, వందల కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్లు. మార్కొనీ ఇంజినీరు చార్లెస్ శామ్యూల్ ఫ్రాంక్లిన్ ఆ లెక్కను తలకిందులు చేశాడు. పదుల మీటర్ల హ్రస్వతరంగాలను తీసుకుని, ఎత్తైన స్తంభాల వరుసకు నిలువు తీగలను తెరలా వేలాడదీశాడు. ఆ తెర వెనక రిఫ్లెక్టర్‌గా పనిచేసే మరో తెర కట్టాడు. శక్తి మొత్తం లండన్ వైపు ఒక సన్నటి పుంజంగా వెళ్లింది.

ఫ్రాంక్లిన్ ప్రతిభ రెండు చోట్ల కనిపిస్తుంది. పొడవైన తీగలో ప్రతి అర్ధ తరంగదైర్ఘ్యానికీ విద్యుత్ ప్రవాహం దిక్కు మారుతుంది. అలా వదిలేస్తే ఒక భాగం పంపిన తరంగాన్ని పక్క భాగం రద్దు చేస్తుంది. తిరగబడిన భాగాలను ఆయన మడిచి, చుట్టి, వాటి నుంచి తరంగం వెలువడకుండా చేశాడు. మిగిలిన భాగాలన్నీ ఒకే దశలో ప్రసారం చేశాయి. రెండోది, ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే ఫీడర్‌ను రెండుగా, ఒక్కొక్కదాన్ని మళ్లీ రెండుగా చీల్చుకుంటూ పోయి, ప్రతి తీగకూ చేరే దారి పొడవు సరిగ్గా సమానమయ్యేట్టు చూశాడు. ఒకదాని లోపల ఒకటిగా ఉండే రాగి గొట్టాలను ఆ ఫీడర్లకు వాడాడు. ఇవాళ ప్రతి కేబుల్ టీవీ కుర్రాడి చేతిలో ఉండే కోయాక్స్ కేబుల్ ఆ గొట్టాల వారసురాలే. అందరికీ సమానమైన దారి ఇవ్వడమనే ఈ పద్ధతి ఆ తర్వాత ఎన్ని రూపాలు ఎత్తినా మూలం మాత్రం మారలేదు.

యాగీ, ఉడా, ఆపైన హామ్‌లు

ఫ్రాంక్లిన్ తెరకు ఒక ఇబ్బంది ఉంది: అది ఒకే దిక్కుకు చూస్తుంది, ఎకరాల కొద్దీ నేల కావాలి. సామాన్యుడికి దిశ ఇచ్చిన యాంటెన్నా జపాన్ నుంచి వచ్చింది. తోహొకు ఇంపీరియల్ యూనివర్సిటీలో షింతారో ఉడా చేసిన ప్రయోగాల ఫలితాలు 1926లో వెలువడ్డాయి. ఆయన ఆచార్యుడు హిదెత్సుగు యాగీ 1928లో వాటిని ఇంగ్లిష్ వ్యాసంగా ప్రపంచానికి తెలియజేశాడు. ఒక బూమ్ మీద ఒకే ఒక్క కడ్డీకి కేబుల్ కలుపుతారు. వెనక కాస్త పొడవైన కడ్డీ రిఫ్లెక్టర్, ముందు కాస్త పొట్టి కడ్డీలు డైరెక్టర్లు. వాటికి తీగ ఏదీ కలపరు; పక్కనున్న కడ్డీ నుంచి వచ్చే తరంగాన్నే అవి అందుకుని తిరిగి పంపుతాయి. కడ్డీల పొడవు, వాటి మధ్య దూరం సరిగ్గా కుదిరితే ముందు దిక్కున అన్నీ కలుస్తాయి, వెనక దిక్కున కొట్టేసుకుంటాయి. ఒక యాగీ లోపలే దశల పొందిక దాగి ఉందన్నమాట. రెండు యాగీలను స్టాక్ చేయడం ఆ పొందికను ఇంకో మెట్టు పైకి తీసుకుపోవడం.

ఈ పరిశోధనలను ఇంటి డాబా మీదికి తెచ్చింది ఔత్సాహిక రేడియో వాళ్లు. మన దేశంలో తొలి హామ్‌గా చెప్పుకునే అమరేంద్ర చంద్ర గుప్తు 1921లో కలకత్తాలో 2జేకే కాల్‌సైన్‌తో ప్రసారం చేశాడు. 1939లో యుద్ధం రాగానే లైసెన్సులు ఆగిపోయాయి. స్వాతంత్ర్యం తర్వాత ఆ వ్యాసంగం మళ్లీ లేచింది. బయటి దేశాల్లో ఈలోగా హామ్‌లు యాంటెన్నాలను పేర్చి పేర్చి చంద్రుడి దాకా వెళ్లారు. 1953లో ఇద్దరు అమెరికన్ హామ్‌లు చంద్రుడి మీద పడి తిరిగొచ్చిన తమ సంకేతాన్ని 2 మీటర్ల బ్యాండ్‌లో విన్నారు. 1960లో చంద్రుడి మీదుగా రెండు ఔత్సాహిక స్టేషన్ల మధ్య తొలి సంభాషణ జరిగింది. జర్మన్ హామ్ గుంటర్ హోఖ్ పొడవైన యాగీల రూపకల్పనకు, వాటిని ఎంత దూరంలో పేర్చాలనేదానికి ఇచ్చిన సూత్రాలను హామ్‌లు ఇప్పటికీ వాడుతున్నారు. భౌతికశాస్త్రంలో 1993 నోబెల్ పంచుకున్న జో టేలర్ స్వయంగా హామ్. అతి బలహీన సంకేతాలను పట్టే డిజిటల్ పద్ధతులను ఆయన అందించాక, నాలుగు యాగీల స్టాక్‌తోనే చంద్రుడి మీదుగా మాట్లాడడం ఎంతోమందికి సాధ్యమైంది.

హైదరాబాద్ గాలి, తాండూరు డాబా

హైదరాబాద్ సంస్థానంలో దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న ప్రసారం మొదలుపెట్టింది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. మీడియం వేవ్ తరంగం నేలను పట్టుకుని గుట్టలను ఒరుసుకుంటూ పోగలదు. అందుకే గట్టు వెనక ఉన్న తాండూరుకూ అది సులువుగా చేరింది. రేడియో సెట్‌కు ఒక తీగ ముక్క చాలేది. దిక్కు చూసే అవసరం ఎవరికీ రాలేదు.

ఆ అవసరం టెలివిజన్‌తో వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ ప్రయోగంలో అమెరికా ఏటీఎస్‌–6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు కార్యక్రమాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ వాటిలో ఉన్నాయి. కోళ్ల జాలీతో చేసిన 3 మీటర్ల డిష్ ఆకాశంలో ఒకే చుక్కను చూస్తూ నిలబడింది. యాంటెన్నా అంటే దిక్కు అని పల్లెకు తెలిసిన తొలి సందర్భం అది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. స్టేషన్ యాంటెన్నా నేల నుంచి 100 మీటర్లు, ఇంటి పోల్ 15 మీటర్లు అనుకుంటే, చదునైన నేల మీద తరంగం చూపు 57 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. గట్టు మీది ఊరికి ఆ లెక్క కాస్త సడలుతుంది. దిగువన ఉన్న ఊరికి మధ్యలోని గుట్టల అంచు మీద వంగి దిగివచ్చిన కొద్దిపాటి తరంగమే దిక్కు. ఆ రోజుల్లో స్టేషన్‌కు దూరంగా ఉన్న పట్టణాల్లో డాబాల మీద పొడవాటి ఇనుప పైపులు, వాటి మీద ఒకదాని కింద ఒకటిగా రెండు యాంటెన్నాలు, వాటిని కలిపే రిబ్బన్ వైరు, కింద బూస్టర్ కనిపించేవి. పైనున్న యాంటెన్నా నుంచి వైరు ఎంత పొడవో కింది యాంటెన్నా నుంచి కూడా అంతే ఉండాలన్న సంగతి రేడియో మెకానిక్కులకు చేతి అలవాటుగా తెలుసు. ఫ్రాంక్లిన్ పేరు వినకపోయినా ఆయన పద్ధతిని వాళ్లు అమలు చేశారు. 1984 తర్వాత ఊరూరా లో పవర్ ట్రాన్స్‌మిటర్లు, ఆ తర్వాత కేబుల్ కనెక్షన్లు వచ్చాక ఆ విద్య డాబాల మీద నుంచి దిగిపోయింది. దాన్ని నిలబెట్టుకున్నవాళ్లు హామ్‌లు.

రెండు యాగీలు, ఒక కేబుల్

హామ్‌లు దాన్ని ఎలా నిలబెట్టుకున్నారో తెలియాలంటే పనిలోకి దిగి చూడాలి. మన దేశంలో హామ్‌లు ఎక్కువగా వాడే 2 మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. 145 దగ్గర తరంగదైర్ఘ్యం 2.07 మీటర్లు. ఏడు కడ్డీల యాగీ పుంజం వెడల్పు సుమారు 45 నుంచి 50 డిగ్రీలు. హోఖ్ సూత్రం ప్రకారం, తరంగదైర్ఘ్యాన్ని పుంజం వెడల్పులో సగానికి వచ్చే సైన్ విలువ రెండింతలతో భాగిస్తే రెండు యాగీల మధ్య ఉండాల్సిన దూరం వస్తుంది. అది ఇక్కడ 2.45 నుంచి 2.7 మీటర్ల మధ్య తేలుతుంది. అంతకంటే దగ్గర పెడితే ఒకటి పట్టే తరంగాన్నే రెండోదీ పంచుకుంటుంది, లాభం తగ్గుతుంది. మరీ దూరం పెడితే పుంజం సన్నబడుతుంది గానీ పక్కల అనవసరమైన పాయలు లేస్తాయి.

ఒకదానిపై ఒకటి పెడితే పుంజం నిలువుగా కుదించుకుపోతుంది. ఆకాశంలోకి, నేలలోకి పోయే వృథా తగ్గి, అడ్డంగా మాత్రం పాత వెడల్పే ఉంటుంది. పక్కపక్కన పెడితే పుంజం అడ్డంగా సన్నబడుతుంది, రొటేటర్‌ను ఇంకా జాగ్రత్తగా తిప్పాలి. తాండూరు హామ్‌కు హైదరాబాద్, వికారాబాద్, జహీరాబాద్ మూడూ వినబడాలంటే మొదటిదే మేలు. అయితే ఎఫ్‌ఎమ్ కోసం కడ్డీలను నిలువుగా పెట్టినప్పుడు మధ్యలో ఇనుప పోల్ వాటి పనిని చెడగొడుతుంది. అప్పుడు ఫైబర్ గొట్టం గానీ, గట్టి వెదురు గానీ అడ్డంగా కట్టి, రెండు చివర్లా రెండు యాగీలు నిలబెట్టడం తేలిక.

ఇక ఫీడింగ్. ఒక్కో యాంటెన్నా 50 ఓమ్‌లది. రెండింటినీ నేరుగా కలిపితే 25 ఓమ్‌లు అవుతుంది, ఎస్‌డబ్ల్యుఆర్ (పొసగక వెనక్కి మళ్లే తరంగాన్ని చూపే నిష్పత్తి) 2కు పోతుంది. దీనికి విరుగుడు ఏ టీవీ షాపులోనైనా దొరికే 75 ఓమ్‌ల కేబుల్. తరంగదైర్ఘ్యంలో పావు వంతు పొడవున్న ఆ కేబుల్ 50 ఓమ్‌లను 112.5 ఓమ్‌లుగా చూపిస్తుంది. అలాంటివి రెండు కలిస్తే 56 చిల్లర, 50కి చాలా దగ్గర. కేబుల్ లోపల తరంగం వేగం తగ్గుతుంది కాబట్టి, గట్టి పాలిథిలిన్ కేబుల్‌లో పావు తరంగం పొడవు 34 సెంటీమీటర్లే. రెండున్నర మీటర్ల ఎడం ఉన్న యాగీలను అది అందుకోలేదు. పావు తరంగానికి బేసి రెట్లు తీసుకున్నా ఫలితం అదే కాబట్టి, ఐదు రెట్లు, అంటే 171 సెంటీమీటర్ల ముక్కలు రెండు కోస్తారు. ఫోమ్ కేబుల్ అయితే వేగం వేరు, పొడవు వేరు. కొన్న కేబుల్‌ను కొలిచి చూడకుండా కోయకూడదు.

అసలు పరీక్ష ఆ రెండు ముక్కల సమానత్వంలో ఉంది. ఈ కేబుల్‌లో ఒక సెంటీమీటరు తేడా దాదాపు 2.6 డిగ్రీల దశ. మూడు సెంటీమీటర్లు తప్పితే పుంజం కొంచెం వంగుతుంది. కేబుల్ మధ్య తీగను ఒక యాంటెన్నాలో కుడి కడ్డీకి, ఇంకోదాంట్లో ఎడమ కడ్డీకి కలిపితే 180 డిగ్రీల తేడా వచ్చి, సరిగ్గా ఎటు వినాలనుకున్నారో అటే సంకేతం మాయమవుతుంది. కేబుల్‌ను యాంటెన్నాకు జతపరిచే గామా మ్యాచ్ వాడితే, రెండు యాంటెన్నాల్లోనూ అది ఒకే వైపు ఉండాలి. ఒక్కో యాంటెన్నాను విడివిడిగా సరిచేసి, ఎస్‌డబ్ల్యుఆర్ చూసి, ఆ తర్వాతే కలపాలి.

ఇంత చేస్తే దక్కేది సిద్ధాంతంలో 3 డెసిబెళ్లు, ఆచరణలో రెండున్నర చిల్లర. ఎస్ మీటర్ మీద అర గీత. ఇది తక్కువేమీ కాదు. పంపేటప్పుడు 25 వాట్లు 50 వాట్లలా పనిచేస్తాయి, వినేటప్పుడూ దాదాపు అంతే మేలు. ట్రాన్స్‌మిటర్ శక్తి ఎంత పెంచినా చెవికి కొత్తగా ఏమీ వినిపించదు. యాంటెన్నాను పేర్చితే రెండు పనులూ జరుగుతాయి. గట్టు అంచు మీద వంగి వచ్చే బలహీన సంకేతానికి ఆ అర గీతే మాటకూ గరగరకూ మధ్య తేడా. హ్రస్వతరంగాల బ్యాండ్‌లలో పెద్ద స్టాకులు కట్టుకున్నవాళ్లు ఈ దశ మార్పునే స్విచ్ పెట్టి వాడుకుంటారు: రెండు బీమ్‌లూ ఒకే దశలో ఉంటే పుంజం తక్కువ కోణంలో దూర దేశాలకు, ఎదురు దశలో ఉంటే ఎక్కువ కోణంలో దగ్గరి స్టేషన్లకు పోతుంది.

ఊరి నేల కూడా లెక్కలోకి వస్తుంది. తాండూరు చుట్టూ నల్లరేగడి వానల్లో ఉబ్బి, ఎండల్లో పగుళ్లు బారుతుంది. పోల్ పునాదిని లోతుగా, బండ తగిలేదాకా దించాలి. వికారాబాద్ ఎర్రటి లేటరైట్‌లో నీరు నిలవదు, ఎర్తింగ్ గుంతకు తేమ అందిస్తూ ఉండాలి. రెండు యాగీలు గాలికి రెట్టింపు ఒత్తిడి ఇస్తాయి. గుట్టల మీద పిడుగుల కాలంలో మంచి ఎర్తింగ్ లేని పోల్ ప్రమాదం.

గాదంకిలో 1,024

హామ్ డాబా మీద రెండు యాగీలతో చేసే పనిని తెలుగు నేల మీద మహాప్రమాణంలో చేసి చూపించిన చోటు తిరుపతి దగ్గరి గాదంకి. 1990ల తొలినాళ్లలో, చుట్టూ కొండల మధ్య అక్కడ ఎంఎస్‌టీ రాడార్ పనిచేయడం మొదలుపెట్టింది. దాని యాంటెన్నా అంటే 130 మీటర్ల చదరపు మైదానంలో 32 వరుసలు, వరుసకు 32 చొప్పున మూడేసి కడ్డీల క్రాస్డ్ యాగీలు: మొత్తం 1,024. అన్నీ ఆకాశానికి ముఖం పెట్టి ఉంటాయి. పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ దగ్గర. 32 ట్రాన్స్‌మిటర్లు కలిసి శిఖర స్థాయిలో 2.5 మెగావాట్లు ఇస్తాయి. మధ్యనున్నవాటికి ఎక్కువ, అంచుల్లోవాటికి తక్కువ శక్తి ఇచ్చి, పక్క పాయలను అణిచేశారు. పుంజం వెడల్పు 3 డిగ్రీలే. ఇంత పెద్ద యంత్రంలో ఒక్క కడ్డీ కదలదు. వరుసకూ వరుసకూ మధ్య దశను కొంచెం కొంచెం జరిపితే పుంజమే ఆకాశంలో వాలుతుంది. మన తలమీది గాలిలో 3 మీటర్లకు కాస్త తక్కువ ప్రమాణంలో ఉండే సుడుల నుంచి తిరిగొచ్చే అతి సన్నని ప్రతిధ్వనులను అది వింటుంది. రుతుపవనాల గాలుల వేగం, దిశ, ట్రోపోస్ఫియర్ పై అంచు కదలికలు ఆ ప్రతిధ్వనుల్లో ఉంటాయి. తర్వాతి కాలంలో ప్రతి యాంటెన్నాకూ సొంత సాలిడ్ స్టేట్ మాడ్యూల్ ఇచ్చి దాన్ని ఇంకా చురుకు చేశారు. ఇవాళ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా మనం చెప్పుకునే సంస్థకు పునాది ఆ యాగీల తోటే.

కర్ణాటకలో తెలుగు మాటలు వినిపించే సరిహద్దు ఊరు గౌరిబిదనూరులోనూ 1970లలోనే వెయ్యి డైపోళ్ల రేడియో టెలిస్కోప్ వెలిసింది. 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని విన్న ఆ యంత్రంలో తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్ల బాహువు పరచుకుంది. కేబుళ్ల కొమ్మలు సమానంగా చీలుతూ ప్రతి డైపోల్‌కూ చేరాయి. ఖడ్కీలో వేసిన కొమ్మ అక్కడ మళ్లీ చిగురించింది.

హైదరాబాద్ హామ్‌లు

వాతావరణ శాస్త్రవేత్తలకు గాదంకి ఎలాగో, తెలుగు హామ్‌లకు హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ, ఎన్‌ఐఏఆర్, అలాగ. 1983లో వీయూ2ఎంవై కాల్‌సైన్ ఉన్న సూరి పూనికతో అది మొదలైంది. 1978 నిబంధనల కింద లైసెన్సు పరీక్షకు కుర్రవాళ్లను తయారు చేయడం, విపత్తుల్లో స్టేషన్లు నడపడం అది నెత్తికెత్తుకున్న పని. 1984లో వైర్‌లెస్ పరికరాల మీద దిగుమతి సుంకం తీసేశాక హామ్‌ల సంఖ్య దేశమంతటా పెరిగింది.

2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ నాయకత్వాన ఎన్‌ఐఏఆర్ బృందం అండమాన్ వెళ్లింది. పదిహేను పైచిలుకు ఏళ్లుగా హామ్‌ల మాట వినబడని ఆ దీవుల నుంచి వీయూ4ఆర్‌బీఐ, వీయూ4ఎన్‌ఆర్‌ఓ కాల్‌సైన్‌లు ప్రపంచమంతా మోగాయి. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. మామూలు ఫోన్లు మూగబోయిన చోట సుదూర దేశాలతో మాట్లాడేందుకు కట్టిన యాంటెన్నాలే బాధితుల క్షేమ సమాచారాన్ని మోశాయి. యాంటెన్నా తయారుగా ఉన్నవాడే ఆపదలో పనికొస్తాడని దేశం చూసిన రోజు అది.

మరుసటి ఏడాది, 2005 మే 5న, శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ–సీ6 హామ్‌ల కోసమే ఇస్రో చేసిన హామ్‌శాట్‌ను కక్ష్యలో పెట్టింది. బరువు 42.5 కిలోలు. ఒక ట్రాన్స్‌పాండర్ భారతీయులది, మరొకటి డచ్ విద్యార్థి ఒకరు చేసింది. 435 మెగాహెర్ట్జ్ దగ్గర పైకి పంపి, 145 దగ్గర కింద వినాలి. తిరుగుతున్న ఉపగ్రహం సంకేతం పడిపోకుండా ఉండాలంటే, ఒకే బూమ్ మీద ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా ఉండే రెండు యాగీలను 90 డిగ్రీల దశ తేడాతో కలపాలి. పావు తరంగం కేబుల్ ముక్క ఎక్కువ పెట్టడమే అందుకు ఉపాయం. 2014 దాకా తొమ్మిదేళ్లపాటు ఆ ఉపగ్రహం ఎందరో విద్యార్థుల చేత కేబుల్ కొలిపించింది.

దామగుండంలో 16 కిలోమీటర్ల తరంగం

2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడింది. 2024 అక్టోబరు 15న పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళ వీఎల్‌ఎఫ్ కేంద్రానికి రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. దాదాపు 2,900 ఎకరాలు, రూ.3,200 కోట్లు. తమిళనాడు తిరునల్వేలి జిల్లాలో 1990 నుంచి ఉన్న ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇది రెండో వీఎల్‌ఎఫ్ కేంద్రం. అతి తక్కువ పౌనఃపున్యపు వీఎల్‌ఎఫ్ తరంగం సముద్రపు నీటిలోకి కొన్ని మీటర్ల లోతుకు చొరబడగలదు. జలాంతర్గాములకు ఆదేశం అలాగే చేరుతుంది. 18 కిలోహెర్ట్జ్ అనుకుంటే తరంగదైర్ఘ్యం 16 కిలోమీటర్లు దాటుతుంది. అంత తరంగానికి యాగీ కట్టడం మనిషి తరం కాదు. వందల మీటర్ల స్తంభాలు, వాటి మధ్య తీగల గొడుగు, నేలలో పరిచిన రాగి వల, వందల కిలోవాట్లు: ఇదే దారి. నూరేళ్ల కిందట ఫ్రాంక్లిన్ వదిలేసిన దీర్ఘతరంగపు దారి అక్కడ ఇప్పటికీ తప్పనిసరి.

దామగుండం అడవి పోతుందని, మూసీ పుట్టిల్లు ఎండుతుందని జిల్లాలో, హైదరాబాద్‌లో ఆందోళనలు జరిగాయి. ఆ ఆవేదన న్యాయమైనది. నరికిన ప్రతి చెట్టుకూ, మళ్లించిన ప్రతి వాగుకూ లెక్క చెప్పించుకునే హక్కు ఈ ప్రాంతానికి ఉంది. అదే సమయంలో ఇంకో లెక్క కూడా అడగాలి: దేశంలోనే అరుదైన రేడియో కేంద్రం గుమ్మంలోకి వస్తుంటే, జిల్లా పిల్లలకు రేడియో ఎంత తెలుస్తుంది? ప్రహరీ లోపల జరిగే పని రహస్యం కావచ్చు; దాని వెనక ఉన్న భౌతికశాస్త్రం అందరిదీ.

ఇప్పుడు చేయవలసింది

ఈ నూరేళ్లను కలిపి చూస్తే తేలేది ఒకటే. ఖడ్కీ తెర నుంచి గాదంకి యాగీల తోట దాకా దూరాన్ని జయించిన ప్రతి చోటా చిన్న చిన్న భాగాలకు సమానమైన దారి కొలిచి ఇచ్చిన చేతులున్నాయి. ఆ కొలత ఖరీదైన వస్తువేమీ కాదు. రాణిగంజ్‌లో అల్యూమినియం గొట్టాలు, కోఠి గుజరాతీ గల్లీలో కనెక్టర్లు, ఊళ్లోని కేబుల్ షాపులో 75 ఓమ్‌ల తీగ, చేతిలో ఒక టేపు, కొంచెం ఓర్పు చాలు. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా లైసెన్సు పరీక్ష రాయవచ్చు.

కాబట్టి వికారాబాద్, తాండూరు హైస్కూళ్లలో, జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ మాస్టార్లు తరంగాల పాఠం దగ్గర ఒక పని పెట్టుకోవాలి. గట్టు మీద ఒక బడి, గట్టు కింద ఒక బడి జత కట్టాలి. మొదటి నెల ఒక్కో యాగీతో మాట్లాడి ఎంత వినిపించిందో రాసుకోవాలి. రెండో నెల అలాంటి యాగీనే ఇంకొకటి చేసి, రెండు కేబుళ్లు సమానంగా కోసి, సమదశలో కలిపి మళ్లీ రాసుకోవాలి. ఆ రెండు పట్టికల మధ్య తేడా చూసిన పిల్లవాడికి వెక్టార్ల సంకలనం ఎవరూ చెప్పనక్కర్లేదు. రేపు కాగ్నా పొంగి సెల్ టవర్లు చీకటిలో పడితే తాండూరు మాటను గట్టు దాటించేదీ వాళ్లే. హైదరాబాద్ హామ్ సంఘాలు ఆ బడులకు ఒక్కో మార్గదర్శిని ఇవ్వాలి. జిల్లా విపత్తు నిర్వహణ విభాగం ఆ స్టేషన్లను తన పట్టికలో చేర్చుకోవాలి. కోట్ల రూపాయల కేంద్రం జిల్లాకు ఒక చిరునామా ఇస్తుంది. సెంటీమీటరు తేడా లేకుండా కేబుల్ కోయగల వందమంది పిల్లలు జిల్లాకు ఒక విద్యను ఇస్తారు, ఆ పని ఈ విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.